పబ్లిక్ పాలసీ డిగ్రీలో ఏమేం చదవాలి? ఇంటర్‌లో లెక్కలు లేనివాళ్లు చదవగలరా?

నర్సంపేటలో ఇంటర్ రెండో సంవత్సరం సీఈసీ చదువుతున్నానని, డిగ్రీలో పబ్లిక్ పాలసీ తీసుకోవాలని ఉందని రాశావమ్మా. మూడు సంగతులు అడిగావు. ఆ డిగ్రీలో తప్పనిసరిగా చదవవలసిన సబ్జెక్టులు ఏమిటి? ఇంటర్‌లో లెక్కలు లేనివాళ్లు నెగ్గుకు రాగలరా? దాని కోసం బెంగళూరుకో పుణెకో పోవాలా, హనుమకొండలోనే చదువుకోవచ్చా? నేను చాలాకాలం డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పాను. ఆ తర్వాత పల్లెల్లో సర్వేలు చేసే పిల్లలకు శిక్షణ ఇస్తూ వచ్చాను. ఆ అనుభవంతో నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

ముందు క్లుప్తంగా. పబ్లిక్ పాలసీ అంటే ప్రభుత్వం ఒక విధానాన్ని ఎందుకు పెడుతుందో, పెట్టాక ఏం మారుతుందో పరిశీలించే చదువు. ఇంటర్‌లో లెక్కలు లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. డిగ్రీలో గణాంకశాస్త్రం తప్పించుకుంటే మాత్రం అది పబ్లిక్ పాలసీ చదువే కాదు. హనుమకొండలో నిక్షేపంగా చదవవచ్చు. పట్టా మీద ఆ పేరు ఉండకపోవచ్చు కాబట్టి, ఆ చదువులో ఉండవలసిన పాఠాలను నువ్వే ఏరి కూర్చుకోవాలి. ఏ కళాశాల గురించి విన్నా నేను అడిగేవి రెండే: గణాంకాలు గట్టిగా చెబుతారా, పిల్లలను ఊళ్లకు పంపుతారా?

ఈ డిగ్రీని నిజాయితీగా నడిపే చోట ఎక్కడైనా దాదాపు ఇవే పాఠాలు కనిపిస్తాయి. సూక్ష్మ అర్థశాస్త్రం, ప్రభుత్వ విత్తం, గణాంకశాస్త్రం, పరిశోధన పద్ధతులు, రాజ్యాంగం, పాలనా వ్యవస్థలు, ఒక విధానం ఎలా పుట్టి ఎలా అమలవుతుందో చెప్పే పాఠం, విధానాల వెనక ఉండే న్యాయాన్యాయాల చర్చ, చివర క్షేత్రస్థాయి పని, దాని మీద ఒక నివేదిక. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం 1970ల తొలినాళ్ల నుంచే డిగ్రీ పిల్లలకు ఈ చదువు చెబుతోంది. అక్కడ ఇంటర్న్‌షిప్ పూర్తి చేయనిదే ఈ సబ్జెక్టులో పట్టా చేతికి రాదు. మన దగ్గర విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. ఒక క్రెడిట్ అంటే సెమిస్టరులో పదిహేను గంటల పాఠం. మూడేళ్ల డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుకు కనీసం 60, ఉప సబ్జెక్టుకు 24, వేసవి ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 క్రెడిట్లు చూపారు. నాలుగో ఏడు పరిశోధనతో ఆనర్స్ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి. మన రాష్ట్రంలో చాలా కళాశాలల్లో మూడు సబ్జెక్టులు కలిపి చదివే బీఏనే నడుస్తోంది. అందుకని నీకు కావలసిన పాఠాలు ఏ సబ్జెక్టు కింద దాక్కుని ఉన్నాయో వెతుక్కోవాలి.

ఇక గణాంకాల సంగతి. నువ్వు భయపడుతున్నది దీనికే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

ఒక ఊళ్లో పదిమంది రైతులున్నారనుకో. తొమ్మిది మందికి తలా రెండెకరాలు, ఒకరికి ముప్పై రెండెకరాలు. మొత్తం యాభై ఎకరాలు, సగటున మనిషికి అయిదెకరాలు. ఎకరానికి అయిదు వేల చొప్పున రైతుబంధు ఇచ్చిన రోజుల్లో ఆ ఊరికి పంటకాలానికి రెండున్నర లక్షలు వస్తాయి, సగటున రైతుకు ఇరవై అయిదు వేలు. కానీ ఆ ఊళ్లో ఇరవై అయిదు వేలు అందుకున్న రైతు ఒక్కరూ లేరు. తొమ్మిది మందికి పది వేలు, ఒకరికి లక్షా అరవై వేలు. వరుసలో మధ్యనున్న మనిషిని చూస్తే పదివేలే, దీన్నే మధ్యగతం అంటారు. ఇందులో కూడిక, భాగహారం తప్ప ఏమైనా ఉన్నాయా? ఈ లెక్క అర్థమైన వాళ్లకు 2018లో మొదలైన ఆ పథకం మీద జరిగిన చర్చంతా అర్థమవుతుంది. ఎకరాలకు పరిమితి పెట్టాలా వద్దా అన్న ప్రశ్న అక్కడినుంచే పుట్టింది. ఇక పాస్‌బుక్ లేని కౌలురైతు ఈ పదిమందిలో అసలు లెక్కకే రాలేదు. పట్టికలో ఉన్నవాళ్ల కంటే ముందు పట్టికలో లేనివాళ్లెవరని అడగడం గణాంకశాస్త్రం నేర్పే మొదటి అలవాటు.

మరొకటి చూడు. మిర్చి ధర మీద సర్వే చేయాలంటే మన పిల్లలు నేరుగా ఎనుమాముల మార్కెట్‌కు వెళతారు. యార్డులో బస్తాల పక్కన కూర్చున్న రైతులను అడిగి రాసుకొస్తారు. కష్టపడే చేస్తారు, అయినా ఆ ఫలితం సగమే నిజం. మార్కెట్ దాకా రాగలిగింది ఎవరు? వాహనం కిరాయి భరించగలిగినవాళ్లు, ధర కోసం నాలుగు రోజులు ఆగగలిగినవాళ్లు. అప్పు తీర్చడానికి కల్లం దగ్గరే ఊరి వ్యాపారికి అమ్ముకున్న చిన్నరైతు ఆ యార్డులో కనిపించడు. అతడిని కలవాలంటే ఊరికి పోవాలి. నమూనా ఎంపిక అని పుస్తకంలో ఒక అధ్యాయం ఉంటుంది. సూత్రాలు చూసి పిల్లలు హడలిపోతారు గానీ దాని సారాంశం ఇదే.

మన జిల్లా విద్యార్థులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. 2011 జనగణనలో వరంగల్ అంటే పాత ఉమ్మడి జిల్లా. 2016 అక్టోబరులో దాన్ని విడగొట్టారు. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది, మండలాలు అటూ ఇటూ మారాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ అంతే. 2015-16 నాటి నాలుగో విడతలో వరంగల్ అంటే పాత జిల్లా, 2019-21 నాటి అయిదో విడతలో కొత్త జిల్లాలకు వేర్వేరు పట్టికలు. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి "వరంగల్‌లో పిల్లల పోషణ ఇంత మారింది" అని రాసే ప్రాజెక్టులు చాలా చూశాను. రెండు వేర్వేరు భూభాగాలను పోల్చి మార్పు అంటున్నారన్నమాట. ఈ తేడా పట్టుకోవడానికి కలనగణితం అక్కర్లేదు, పట్టిక పైన రాసిన సంవత్సరాన్ని, సరిహద్దులను శ్రద్ధగా చూస్తే చాలు.

కాబట్టి సీఈసీ చదివినా నీకు ఇబ్బంది లేదు. కావలసిన లెక్కలు ఇవి: శాతాలు, నిష్పత్తులు, సూచికలు, గ్రాఫు చదవడం, సగటు, మధ్యగతం, విచలనం, సంభావ్యత, ఆ పైన సహసంబంధం (కోరిలేషన్), ప్రతిగమనం (రిగ్రెషన్). సెలవుల్లో పదో తరగతి లెక్కల పుస్తకంలోని సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత అధ్యాయాలు మళ్లీ చెయ్యి. ఎక్సెల్‌లో పట్టిక వేయడం, వడపోయడం, గ్రాఫు గీయడం నేర్చుకో. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ అర్థశాస్త్రం లాంటి కోర్సులకు పన్నెండో తరగతిలో లెక్కలు ఉండి తీరాలి. ఆ దారి నీకు మూసుకుపోయినట్టే, దాని గురించి బెంగపడకు. రాజనీతిశాస్త్రం, చరిత్ర లాంటి కోర్సులకు ఆ షరతు లేదు.

అర్థశాస్త్రం ఎందుకంటావా? మన వ్యవసాయ కరెంటునే తీసుకో. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఇస్తున్నారు. రాత్రిపూట పొలానికి పరిగెత్తే బాధ, పాము కాట్లు, కాలిపోయే మోటార్లు చూసినవాళ్లకు దాని విలువ తెలుసు. ఇదే సమయంలో మోటారుకు ఆటోస్టార్టర్ బిగించి ఉంటే కరెంటున్నంతసేపూ నీళ్లు పోతూనే ఉంటాయి. అందుకే వాటిని తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. నీటికి ధర లేదు, కరెంటుకు బిల్లు లేదు. లోతుగా బోరు వేసుకోగలిగినవాడు తోడుకుంటాడు, ఆ నష్టం అతడి ఖాతాలో పడకుండా పక్క చేలోని బోరు ఎండిపోవడంలో కనిపిస్తుంది. దీన్ని బాహ్య ప్రభావం అంటారు. మరి ఏం చేయాలి? మీటరు పెట్టాలా, వరి తగ్గించి వేరే పంటకు మద్దతు ఇవ్వాలా, 2015లో మొదలైన మిషన్ కాకతీయ లాంటి పనులతో చెరువులు బాగుచేసి భూగర్భజలం పెంచాలా? ప్రతిదానికీ ఖర్చు ఉంది, ప్రతిదానిలో గెలిచేవాళ్లు, ఓడేవాళ్లు ఉన్నారు. ఆ లెక్క వేసి, ప్రత్యామ్నాయాలను పక్కపక్కన పెట్టి చూపడం సూక్ష్మ అర్థశాస్త్రం నేర్పే పని. ప్రభుత్వ విత్తం నేర్పేది డబ్బు దారి. ఉచిత విద్యుత్తు సబ్సిడీ విద్యుత్ పంపిణీ సంస్థకు ఎలా చేరుతుంది, కేంద్ర పన్నుల్లో రాష్ట్రానికి వాటా ఎలా వస్తుంది, బడ్జెట్‌లో రాసిన అంకెకూ ఏడాది చివర నిజంగా ఖర్చయిన అంకెకూ తేడా ఎంత. రాష్ట్ర బడ్జెట్‌తో పాటు ఏటా వచ్చే సామాజిక ఆర్థిక చిత్రం నివేదికను డిగ్రీ మొదటి ఏడాది నుంచే చదివితే మంచిది.

చట్టం, పాలనా వ్యవస్థల పాఠానికి మీ ఊరి కంటే మంచి చోటు దొరకదు. పాకాల చెరువు దాటి కొత్తగూడ వైపు పోతే ఏజెన్సీ ప్రాంతం వస్తుంది. రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు వర్తించే నేల అది. ఇవతల ఊళ్లో సాధారణంగా జరిగే భూమి రిజిస్ట్రేషన్ అక్కడ గిరిజనేతరుల పేరు మీద జరగదు. 1959 నాటి భూబదలాయింపు నియంత్రణ నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ అడ్డుపడతాయి. గ్రామసభ అధికారాల విషయంలో 1996 నాటి పెసా చట్టం వర్తిస్తుంది. పోడు భూముల హక్కులు 2006 అటవీ హక్కుల చట్టం కింద తేలాలి. ఏటూరునాగారంలో ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అనే వేరే యంత్రాంగమే ఉంది. ఒకే తాలూకా కేంద్రం నుంచి బస్సెక్కి రెండు రకాల పాలన చూడవచ్చు. 73వ సవరణ, పదకొండో షెడ్యూలులోని 29 అంశాలు బట్టీపట్టడం పరీక్షకు పనికొస్తుంది. వాటిలో ఎన్ని నిజంగా మీ పంచాయతీ చేతిలో ఉన్నాయో కార్యదర్శిని అడిగి తెలుసుకుంటే పాలసీకి పనికొస్తుంది.

నీతిశాస్త్రం పాఠాన్ని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. గీసుగొండ, సంగెం మండలాల్లో జౌళి పార్కు కోసం భూములు తీసుకున్నారు. అక్కడ పని దొరికే యువతికి మేలు, భూమి ఇచ్చిన రైతుకు పరిహారం. ఆ భూమిలో కూలికి వెళ్లిన మనిషికి ఏమిటి? 2013 భూసేకరణ చట్టం ఆ ప్రశ్నను కొంతవరకు పట్టించుకుంది. లాభం నష్టం కంటే ఎక్కువ కాబట్టి మంచిదే అని లెక్క చెబుతుంది. నష్టం ఎవరి మీద పడిందని అడగడం మాత్రం లెక్కల పుస్తకంలో ఉండదు.

ఇక నేను అన్నిటికంటే పట్టుబట్టేది క్షేత్రపని. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీ జరగాలని చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి దాన్ని పెద్ద ఎత్తున చేసి దేశానికి దారి చూపారు. ఆ పని ఎలా ఉంటుందో విను. తనిఖీ బృందం మస్టర్ రోళ్లు (కూలీల హాజరు పట్టీలు), చెల్లింపుల జాబితాలు పట్టుకుని ఊళ్లో దిగుతుంది. గడప గడపకూ వెళ్లి జాబ్ కార్డు అడుగుతుంది. "అమ్మా, వేసవిలో ఎన్ని వారాలు పనికి పోయారు?" అని అడిగితే సూటిగా జవాబు రాదు. పండుగకు ముందా తర్వాతా, ఏ చెరువు పని, పక్కన ఎవరు తవ్వారు అని గుర్తుచేస్తూ పోతే వారాలు తేలతాయి. జాబితాలో ఆరు వారాలుంటుంది, ఆమె నాలుగే చెబుతుంది. అక్కడ తొందరపడి ఎవరో తిన్నారని రాయకూడదు. కోడలి పని అత్త కార్డు మీద ఎక్కిందేమో చూడాలి. ఆ తర్వాత టేపు పట్టుకుని పని జరిగిన చోటికి పోయి గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి కొలతల పుస్తకంతో పోల్చాలి. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక మీద అందరి ముందు చదవాలి. ఫీల్డ్ అసిస్టెంట్ ఎదురుగానే ఉంటాడు, ఆమె తన మాట మీద నిలబడాలి, నువ్వు నీ కాగితం మీద నిలబడాలి. ఒక వేసవి ఇలాంటి పని చేసిన విద్యార్థి తరువాత ఏ పథకం గురించి చదివినా కాగితం మీద అంకె వెనక ఎవరున్నారని అడుగుతుంది. తరగతి గదిలో నేనెంత చెప్పినా ఆ చూపు ఇవ్వలేకపోయాను, ఊరు ఇచ్చింది.

కళాశాల ఇలాంటి అవకాశం చూపకపోతే నువ్వే వెతుక్కో. మీ పంచాయతీ గ్రామసభకు వెళ్లు. మీ మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం ఎలా నడుస్తోందో అనుమతి తీసుకుని ఒక నెల చూసి రాయి. కార్యాలయంలో వివరాలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. చూసింది రెండు పేజీల్లో రాయి: సమస్య ఏమిటి, ఎవరికి, ఆధారం ఏమిటి, ఏయే మార్గాలున్నాయి, నువ్వు ఏది ఎంచుకుంటావు, ఎందుకు. ముందు తెలుగులో రాసి తర్వాత ఇంగ్లీషులో రాయి. ఈ రంగంలో చదవవలసిన నివేదికలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి రోజూ రెండు పేజీలు చదివే అలవాటు తప్పదు. ఊళ్లో మనిషితో మాట్లాడి నిజం రాబట్టే శక్తి మాత్రం నీ తెలుగులోనే ఉంది.

ఎక్కడ చదవాలన్న ప్రశ్నకు వస్తాను. డిగ్రీలో ఈ పేరుతో కోర్సు నడిపే సంస్థలు దేశంలో కొద్ది, వాటిలో చాలావరకు ప్రైవేటువి, ఫీజులు లక్షల్లో. మన దేశంలో ఇది ప్రధానంగా పీజీలో చెప్పే చదువు. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో 2014 నుంచి మాస్టర్స్ ఉంది. ఢిల్లీ ఐఐటీలో ఉంది. హైదరాబాద్‌లో గీతం వాళ్ల కౌటిల్య స్కూల్ ఉంది. వీటిలో చేరడానికి డిగ్రీలో పబ్లిక్ పాలసీయే చదివి ఉండాలన్న నియమం లేదు. అందుకని మీ నాన్నగారు పొలం కుదువపెట్టి నిన్ను దూరం పంపవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. స్కాలర్‌షిప్ పూర్తిగా వస్తే అది వేరే సంగతి, తప్పకుండా వెళ్లు.

హనుమకొండలో సుబేదారి యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల ఉంది, కాకతీయ ప్రభుత్వ కళాశాల ఉంది, వడ్డేపల్లిలో ఆడపిల్లలకు పింగళి ప్రభుత్వ కళాశాల ఉంది. నర్సంపేటలోనూ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. బీఏలో అర్థశాస్త్రం తప్పనిసరిగా పెట్టుకో. దానికి తోడు రాజనీతిశాస్త్రం గానీ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ గానీ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ప్రభుత్వ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో చెబుతుంది. ఈ పథకమే ఎందుకు, వేరేది ఎందుకు కాదు, పెట్టాక ఏం మారింది అన్న ప్రశ్నలు పాలసీవి. రెండింటికీ దగ్గరి చుట్టరికం ఉంది గానీ మొదటిది చదివితే రెండోది దానంతటదే రాదు. మూడో సబ్జెక్టుగా కంప్యూటర్ అప్లికేషన్స్ దొరికితే తీసుకో, డేటాతో పని అక్కడ అలవడుతుంది. గణాంకాలు సబ్జెక్టుగా దొరకకపోతే అర్థశాస్త్రంలో ఉండే గణాంక పద్ధతుల పేపరును ప్రాణం పెట్టి చదువు, మిగతాది ఆన్‌లైన్ పాఠాలుండే స్వయం పోర్టల్‌లో పూర్తి చెయ్యి. విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా తీసుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది.

ఉద్యోగాల గురించి నువ్వు అడగలేదు గానీ ఇంట్లో అడుగుతారు. సివిల్స్‌కు, గ్రూప్-1కు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. సివిల్స్ ఆప్షనల్ జాబితాలో పబ్లిక్ పాలసీ లేదు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం ఉన్నాయి. గ్రూప్-1 మెయిన్స్‌లో పాలన, ఆర్థిక వ్యవస్థ పేపర్లతో పాటు డేటా విశ్లేషణ కూడా ఉంది, నీ చదువు అక్కడ నేరుగా పనికొస్తుంది. అధ్యాపక వృత్తి మీద ఆసక్తి ఉంటే జాగ్రత్తగా ఉండాలి. లెక్చరర్ పోస్టులకు పీజీ పట్టా మీద సబ్జెక్టు పేరు చూస్తారు. అలాంటప్పుడు పీజీ అర్థశాస్త్రంలోనో రాజనీతిశాస్త్రంలోనో చేయడం క్షేమం.

డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే ముందు ఒక పూట కేటాయించి కళాశాలకు మీ అమ్మగారినో నాన్నగారినో వెంటబెట్టుకుని వెళ్లు. కరపత్రం చూసి నిర్ణయించవద్దు. అర్థశాస్త్ర విభాగంలో కూర్చుని ఆరు సెమిస్టర్ల సిలబస్ పత్రం అడుగు, గణాంక పద్ధతులు ఏ సెమిస్టరులో ఉన్నాయో, ఎన్ని క్రెడిట్లో చూడు. ఆ పేపరు చెప్పే అధ్యాపకులు ఇప్పుడు ఉన్నారా, పోస్టు ఖాళీగా ఉందా అని మొహమాటం లేకుండా అడుగు. కిందటి ఏడాది పిల్లలు చేసిన ప్రాజెక్టు నివేదికలు రెండు చూపించమను. అవి ఊరికి వెళ్లి రాసినవో, ఒకదాన్ని చూసి ఒకటి దించినవో మొదటి నాలుగు పేజీల్లోనే తెలిసిపోతుంది. చూసి వచ్చాక ఏం తేలిందో రాయి, ఆప్షన్ల వరుస ఎలా పెట్టాలో చెబుతాను.